పిడికిలి లేస్తే ఆపాలి

నూట పన్నెండో మెట్టు దగ్గర నిదానం ఎప్పటిలాగే ఆగాడు. నిచ్చెన కమ్మీని మోచేత్తో చుట్టుకుని రెండు ఊపిరులు తీసుకున్నాడు. జేబులో కళ్లజోడు ఉందో లేదో తడిమి చూసుకున్నాడు. ఇంకా ఎనభై నాలుగు మెట్లున్నాయి. మళ్లీ ఎక్కడం మొదలుపెట్టాడు. ఇరవై ఒక్క ఏళ్లుగా రోజూ ఇంతే. కట్టే భవనం మారుతుంది, క్రేను మారుతుంది, మెట్ల లెక్క మారుతుంది. మోకాళ్లు మాత్రం అవే.

అతని అసలు పేరు హాజరు పుస్తకంలో తప్ప ఇంకెక్కడా వినపడదు. ఇనుప దూలాన్ని దింపినా గాజు పలకను దింపినా కోడిగుడ్ల బుట్టను దింపినట్టే దింపుతాడు కాబట్టి ఎవరో నిదానం అన్నారు, అదే ఉండిపోయింది. కొత్తగా వచ్చిన మేస్త్రీలు మొదటి వారం గడియారం చూసుకుంటూ విసుక్కుంటారు. రెండో వారం నుంచి, గాజు పని ఉన్న రోజున అతను సెలవు పెడితే పని ఆపుకుని కూర్చుంటారు.

క్యాబిన్ తలుపు లాగి లోపల కూర్చున్నాడు. ఒక మనిషికి సరిపోయే గది. ఎడమ చేతి కింద ఒక లివరు, అది తిప్పుతుంది. కుడి చేతి కింద ఒకటి, అది ఎత్తుతుంది, దింపుతుంది. కాళ్ల కింద నేలకు బదులు మందపాటి గాజు. ఆ గాజులోంచి చూస్తే అరవై గజాల కింద ఒక పసుపు టోపీ, రెండు ఎర్ర చేతిజోళ్లు కనపడాలి. ఇప్పుడూ టోపీ ఉంది, చేతిజోళ్లూ ఉన్నాయి. అవి ఊగే తీరు మాత్రం వేరు.

కింద ఉన్నది, క్రేనుకు సైగలు చూపించడానికి నాలుగు నెలల క్రితం వచ్చిన సిగ్నలామె. పనిమంతురాలే, వంక పెట్టడానికి లేదు. కాకపోతే చేతులకంటే వాకీటాకీని ఎక్కువ నమ్ముతుంది.

"పైనున్నాయనా, కొంచెం దింపండి. ఇంకొంచెం. ఇంకాస్త. అయ్యో, అంత కాదు."

నిదానం కొలత తెలియక తికమకపడ్డాడు. అంతకు ముందు ఇరవై ఏళ్లూ అతని కింద నిలబడ్డ సిగ్నలాయన నోరు విప్పేవాడు కాదు. అర అంగుళం కావాలంటే బొటనవేలూ చూపుడువేలూ అర అంగుళం దూరంలో పెట్టి చూపించేవాడు. అరవై గజాల పైనుంచి అది ఎలా కనిపిస్తుందో నిదానానికే తెలియదు. కనిపించేది.

వాళ్లిద్దరూ ఒకరినొకరు బావా అని పిలుచుకుంటారు. ఏ చుట్టరికమూ లేదు, ఎవరు మొదలుపెట్టారో ఇద్దరికీ గుర్తు లేదు. సిగ్నలాయన చెల్లెలు మాత్రం నిదానాన్ని అన్నయ్యా అంటుంది. అన్నకు బావ అయినవాడు చెల్లెలికి అన్నయ్య ఎలా అవుతాడో ఎవరూ కూర్చుని సరిచూసుకోలేదు.

నాలుగు నెలల కిందట సిగ్నలాయన గొంతులో గడ్డ పెరిగింది. డాక్టర్లు గడ్డతో పాటు గొంతులో మాట పుట్టే చోటును కూడా తీసేశారు. ఇంకేమైనా మిగిలిందేమోనని చేసిన పరీక్ష ఫలితం పోయిన వారమే వచ్చింది. లోపల ఏమీ లేదట. ఆ కాగితం చెల్లెలు చదివి వినిపించినప్పుడు నిదానం ఆసుపత్రి వరండాలో గోడకు ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చుండిపోయాడు. ఒక నర్సు వచ్చి మంచినీళ్లిచ్చి, పేషెంటు ఎవరని అడిగింది.

మనిషి దక్కాడు. కానీ మాట లేని మనిషి ఒంటరి గదిలో ఉండలేడు కదా. చెల్లెలి ఊరు బస్సులో రెండు గంటల దూరం. ఇవాళ ఆమె వచ్చి, నాలుగు గంటల బస్సుకు తీసుకెళ్లిపోతోంది.

ఫోను ఉంది కదా అని అందరూ అన్నారు. మాట లేనివాడూ మాటలు రానివాడూ ఫోనులో ఏం చేసుకుంటారు? వాళ్లు ఇరవై ఏళ్లలో మాట్లాడుకున్నదంతా కలిపితే ఒక శుభలేఖలో పడుతుంది. ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఒకసారి ముఖాలు కనపడే కాల్ చేసి చూశారు. నాలుగు నిమిషాల పాటు ఒకరి నుదురు ఒకరు చూసుకుని, ఇద్దరూ ఒకేసారి ఆపేశారు. వాళ్లకు తెలిసిన స్నేహం ఒక్కటే. ఒకడు చూపించాలి, రెండోవాడు కదలాలి, మధ్యలో ఏదైనా బరువు భద్రంగా దిగాలి.

దానికి సిగ్నలాయన ఒక దారి కనిపెట్టాడు. ఆసుపత్రి నుంచి వచ్చాక పొద్దుపోవడానికని చెల్లెలి మొగుడు ఒక వీడియో గేమ్ పెట్టె తెచ్చిచ్చాడు. అందులో కత్తి పట్టుకున్న వీరుడొకడు పాడుబడ్డ కోటలో రాక్షసులతో పోరాడతాడు. మనమే ఆ వీరుడు. ఏ ఊళ్లో ఉన్నవాళ్లయినా ఇద్దరు కలిసి ఆడుకోవచ్చు, నోరు విప్పక్కర్లేదు. ఇక్కడే ఒక మెలిక ఉంది. కోట మొదటి గేటు ఎవరికి వారు ఒంటరిగా దాటాలి. అది దాటితేనే రెండోవాణ్ని పక్కకు రానిస్తుంది. సిగ్నలాయన దాన్ని రెండు రోజుల్లో దాటాడు. నిదానం పది రోజులుగా డ్యూటీ దిగి వచ్చి చస్తూనే ఉన్నాడు.

ఇవాళ ఒక పూట సెలవు పెట్టాడు. పదకొండింటికి చివరి ఇనుప కట్టను దింపి, లివర్లు వదిలి, నూట తొంభై ఆరు మెట్లూ దిగాడు. సిగ్నలామె టోపీ తీసి చెమట తుడుచుకుంటోంది.

"బస్సుకేనా అండీ?"

"బస్సు నాలుగింటికి. ముందు ఒక రాక్షసుణ్ని చంపాలి."

ఆమె టోపీ మళ్లీ పెట్టుకుని ఒక అడుగు వెనక్కి వేసింది. పైన ఎక్కువ కాలం కూర్చున్నవాళ్ల గురించి ఆమె ఏవో విని ఉంది.

సిగ్నలాయన గది సగం ఖాళీ అయింది. మంచం మీద రెండు సంచులు, తాడుతో కట్టిన పరుపు, గోడకు మేకులు. టీవీ, దాని ముందు పెట్టె, రెండు కంట్రోలర్లు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి.

"రండి అన్నయ్యా," అంది చెల్లెలు గిన్నెలు కాగితంలో చుడుతూ. "పొద్దున్నుంచీ ఈ పెట్టె ముట్టుకోనివ్వట్లేదు మనిషి. మీరొచ్చి దాటేదాకా తియ్యొద్దట. ఇవాళైనా దాటతారా, బస్సు తప్పించేస్తారా?"

సిగ్నలాయన మెడకు తెల్లగుడ్డ చుట్టుకుని నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. మనిషి చిక్కాడు కానీ చేతులు చిక్కలేదు. రమ్మని వేళ్లు ఊపాడు. పక్కన పలక మీద పాఠం మళ్లీ మొదటి నుంచి రాసి పెట్టి ఉంచాడు. కంట్రోలర్ మీద ఎడమ పుల్ల కాళ్లు. కుడి పుల్ల కళ్లు. ఈ మీట కొట్టడానికి. ఈ మీట పక్కకు దొర్లడానికి. ఇది మందు తాగడానికి. పైన ఎర్రగీత ప్రాణం, దాని కింద ఆకుపచ్చగీత దమ్ము. దమ్ము అయిపోతే దొర్లలేవు, ఊరికే కొట్టుకుంటూ పోకు.

పుల్లలు తిప్పడంలో నిదానానికి ఎవరూ నేర్పేదేమీ లేదు. అడుగు వెడల్పున్న గోడ మీద వీరుణ్ని అంచు తగలకుండా నడిపించాడు. అక్కడ సిగ్నలాయనే ఆరుసార్లు పడ్డాడు. గొడవంతా వేరేచోట ఉంది. మొదటి రోజున చిన్న రాక్షసుడు ఎదురైతే నిదానం కదలకుండా నిలబడ్డాడు. అది వచ్చి పొడిచి చంపింది. మళ్లీ నిలబడ్డాడు. మళ్లీ చంపింది. ఏమైందని సిగ్నలాయన కనుబొమలు ఎగరేస్తే, "కదలమని ఎవరు చెప్తారు బావా?" అని అడిగాడు. సిగ్నలాయన మెడగుడ్డ పట్టుకుని, భుజాలు అదిరేలా శబ్దం లేకుండా నవ్వి, పలక మీద రాశాడు. ఎవరూ చెప్పరు. నువ్వే.

ఆ మూడు ముక్కలు మింగుడు పడటానికి నిదానానికి నాలుగు రోజులు పట్టింది. చెప్పకుండా కదిలితే అది తప్పు, అతని బతుకంతా అదే నేర్చుకున్నాడు. చిన్నప్పుడు తండ్రి చెబితే కదిలాడు, తర్వాత మేస్త్రీ, తర్వాత బావ. అయినా ఎలాగో చిన్నవాళ్లందరినీ దాటుకుంటూ వచ్చాడు. గేటు ముందు మాత్రం రాతి రాక్షసుడు ఉన్నాడు. రెండంతస్తుల ఎత్తు. కుడి పిడికిలి పైకెత్తి, ఒక్క క్షణం ఆగి, దించుతాడు.

ఆ పిడికిలి లేవగానే నిదానం రెండు చేతులూ కంట్రోలర్ మీదనుంచి తీసేస్తున్నాడు.

ఇవాళా అంతే. పిడికిలి లేచింది, చేతులు గాల్లోకి లేచాయి, వీరుడు నేలకు అతుక్కుపోయాడు. మూడోసారి చెల్లెలు గిన్నె చుట్టడం ఆపి చూసింది.

"అన్నయ్యా, అది కొట్టడానికి చెయ్యెత్తితే మీరు చేతులెత్తేస్తారేంటి?"

"పిడికిలి లేస్తే ఆపాలమ్మా. ఆపి, లివర్లు వదిలెయ్యాలి."

"అది మీ పనిలో కదా. ఎవరి పిడికిలైనా అంతేనా?"

"ఎవరిదైనా అంతే. వేరే సైగలు బావవే చూస్తాను. ఆపమనే సైగ మాత్రం దారినపోయేవాడు చూపించినా ఆపాలి."

"రాక్షసుడు చూపించినా?"

నిదానం ఆలోచించాడు. "రూల్లో వాళ్లని మినహాయించలేదు."

చెల్లెలు నవ్వింది. సిగ్నలాయన నవ్వలేదు. పది రోజులుగా బావ ఎందుకు చస్తున్నాడో అతనికి అప్పుడు అర్థమైంది.

తొమ్మిదేళ్ల కిందట ఒక మధ్యాహ్నం సిమెంటు పలక దిగుతుండగా ఒక తాడు జారింది. పైనుంచి చూస్తే ఏ తేడా కనపడలేదు. కింద ఎర్ర పిడికిలి ఒకటి లేచింది. నిదానం ఎందుకని అనుకోలేదు, ఆపేశాడు. పలక ఒక మూల కిందికి వాలి, గుంతలో వంగి పని చేసుకుంటున్న ఒక కూలీ తలకు మూరెడు పైన ఆగింది. అతను తలెత్తి చూసి, పార పక్కన పెట్టి, నడుచుకుంటూ బయటికి వచ్చేశాడు. సాయంత్రం ఇంటికి వెళ్లాడు. అంతే జరిగింది. కానీ ఎందుకని ఒక్క క్షణం అనుకుని ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే నిదానానికి ఇప్పటికీ అరచేతులు తడుస్తాయి. ఆ పిడికిలి నేర్పిన అలవాటును ఒక ఆట కోసం చేతుల్లోంచి తీసెయ్యమంటే అవి ఒప్పుకోవు.

సిగ్నలాయన లేచి టీవీ పక్కన నిలబడ్డాడు. మళ్లీ మొదలుపెట్టమని వేలు ఊపాడు. రాతి పిడికిలి లేవగానే తన చెయ్యి చాచి ఎడమకు తిప్పమన్నాడు. నిదానం చేతులు ఒక్క క్షణం సందేహపడి, తెలిసిన చేతి మాట విన్నాయి. వీరుడు ఎడమకు దొర్లాడు. పిడికిలి ఖాళీ నేల మీద పడింది. నిదానం కొట్టాడు. మళ్లీ పిడికిలి, మళ్లీ చెయ్యి, ఈసారి కుడికి. రాక్షసుడి ప్రాణంగీత సగానికి వచ్చింది, పావుకు వచ్చింది. అప్పుడు సిగ్నలాయనకు దగ్గు తెర వచ్చింది. చెయ్యి మెడ దగ్గరికి పోయింది, రాతి పిడికిలి దిగింది.

దగ్గు తగ్గాక అతను పలక మీద రాసి చూపించాడు. నేను పక్కనుంటే కుదరదు. ఒక్కడివే దాటాలి.

తర్వాత నిదానం ఒక్కడే పదిహేడుసార్లు ఆడాడు. పదిహేడుసార్లూ చేతులు లేచాయి. "మూడున్నర అయింది," అంది చెల్లెలు. అతను వదిలిపెట్టలేదు. ఆమె వచ్చి ప్లగ్గు పీకేసింది. గది ఒక్కసారిగా ఖాళీ అయినట్టయింది. పెట్టెను తువ్వాలులో చుట్టి సిగ్నలాయన నిదానం చేతుల్లో పెట్టాడు. చెల్లెలి ఇంట్లో ఇంకోటి ఉందట. నిదానం తువ్వాలు ముడి బిగించాడు. దాటలేకపోయాను బావా అని చెప్పాలనుకున్నాడు, కానీ అది బావకు తెలిసిన సంగతే.

బస్టాండులో బస్సు వెనక్కి రావాలి, వెనక ఒక తోపుడు బండి అడ్డంగా ఉంది. కండక్టరు ఎక్కడికో పోయాడు. డ్రైవరు తల బయట పెట్టి, "ఎవరైనా చూడండయ్యా," అన్నాడు. నిదానం పెట్టెను చంకలో పెట్టుకుని బస్సు వెనక్కి వెళ్లాడు. ఇన్నేళ్లలో నేల మీద నిలబడి చెయ్యెత్తడం అదే మొదలు. రమ్మని ఊపాడు. మరీ తొందరగా ఊపుతున్నాడు. కిటికీ దగ్గర కూర్చున్న సిగ్నలాయన పైనుంచి చూసి, తల అడ్డంగా ఊపి, వేళ్లతో నిదానంగా అని చూపించాడు. నిదానం చెయ్యి సరిచేసుకున్నాడు. బస్సు తిరిగింది, ముందుకు కదిలింది, పోయింది. ఇద్దరిలో ఎవరూ వీడ్కోలు చెప్పినట్టు లేరు.

ఇంటికి వచ్చి టీవీకి తీగలు తగిలిస్తుంటే భార్య వంటగదిలోంచి తొంగి చూసింది.

"రోజూ మీరు పోయి చచ్చి వచ్చేది దీంట్లోనేనా?"

"ఆ."

"నా సీరియల్ ఏడింటికి. ఈలోపు ఎన్నిసార్లు చావాలో చచ్చెయ్యండి."

ఆమె కూరగాయలు పళ్లెంలో వేసుకుని పక్కనే కూర్చుంది. ఎదురుగా రాతి రాక్షసుడు. పిడికిలి లేచింది. చేతులు లేచాయి. "పాపం," అంది ఆమె. ఇంకోసారి. "పాపం." ఆరోసారికి పాపం అనడం మానేసింది. ఆరున్నరకు ఫోను మోగింది. చెల్లెలి కబురు. చేరాం, టీవీ ముందు కూర్చున్నాడు, లెమ్మంటే లేవట్లేదు.

నిదానం కంట్రోలర్‌ను ఒళ్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. భయం వేసింది. రేపు కాకపోతే ఎల్లుండి దాటొచ్చు, నిజమే. కానీ బావ ఇవాళ కూర్చుని, రేపు కూర్చుని, వారం తర్వాత లేచిపోతాడు. ఆ తర్వాత పండగలకో పబ్బాలకో ఒకరి నుదురు ఒకరు చూసుకుంటారు.

మూసిన కళ్లలో కాళ్ల కింది గాజు కనిపించింది. పసుపు టోపీ, ఎర్ర చేతులు. ఇన్నేళ్లూ చేతులే చూశాననుకున్నాడు. కానీ బావ చెయ్యెత్తే ముందు ఎప్పుడూ ఎడమ కాలు ఇంత వెనక్కి సర్దుకునేవాడు. అది కదలగానే నిదానం చేతులు లివర్ల మీద సిద్ధమయ్యేవి. అరవై గజాల పైనుంచి బావ వేళ్ల మధ్య అర అంగుళం అందుకే కనిపించేదేమో. చెయ్యి చెప్పబోయేది కాలు ముందే చెప్పేది.

కళ్లు తెరిచాడు. ఈసారి రాక్షసుడి పిడికిలి చూడలేదు. పాదాలు చూశాడు. రెండు బండరాళ్లు. వాటిలో ఎడమది వేలెడు వెనక్కి జరిగింది.

నిదానం దొర్లాడు. పిడికిలి అప్పటికింకా లేవలేదు. లేవని పిడికిలికి ఆగనక్కర్లేదు, ఏ రూలూ తప్పినట్టు కాదు. అది లేచి దిగేసరికి వీరుడు పక్కనున్నాడు. కొట్టాడు. రెండుసార్లే కొట్టి దమ్ము దాచుకున్నాడు. బండ జరిగింది, దొర్లాడు. జరిగింది, దొర్లాడు. భార్య కత్తిపీట పక్కన పెట్టేసింది. రాక్షసుడి ఎర్రగీత సగమైంది, పావైంది, సన్నటి దారమైంది.

"ఏమండీ, అయిపోయేట్టుంది."

"మాట్లాడకు."

రాతి రాక్షసుడు మోకాళ్ల మీద కూలి ఇసుకై రాలిపోయాడు. గేటు గడగడలాడుతూ తెరుచుకుంది. నిదానం నోట్లోంచి అమ్మయ్య అన్న మాట ఒక్కటే వచ్చింది. కళ్లనీళ్లు వచ్చాయి, తుడుచుకోలేదు. చేతులు రెండూ కంట్రోలర్ మీదే ఉన్నాయి.

గేటు అవతల మంచుపట్టిన వాకిలి. అక్కడ ఒకడు నిలబడి ఉన్నాడు. ఎక్కడ సంపాదించాడో గాని నెత్తి మీద పసుపుపచ్చ టోపీ. నిదానం వీరుణ్ని చూడగానే ఎడమ కాలు ఇంత వెనక్కి సర్దుకుని, చెయ్యెత్తి రమ్మని ఊపాడు.

"ఎవరండీ అది?" అంది భార్య.

"బావ."

ఆమె ముందుకు వంగి చూసింది. "మనిషి కోలుకున్నట్టే ఉన్నారు," అంది. ఏడయింది, సీరియల్ మాట ఎత్తలేదు.

వాళ్లు గంటసేపు నడిచారు. బావ ముందు నడిచి మలుపు తొంగి చూసి చెయ్యెత్తుతాడు, నిదానం వస్తాడు. ఒక చోట బావ పిడికిలి పైకెత్తాడు. నిదానం చేతులు కంట్రోలర్ వదిలేశాయి. ముందున్న వంతెన విరిగి లోయలో పడింది. దుమ్ము తగ్గేదాకా ఇద్దరూ కదలకుండా నిలబడ్డారు. తర్వాత నిదానం మెల్లగా కంట్రోలర్ మళ్లీ అందుకున్నాడు.

ఎనిమిదింటికి చెల్లెలు లెమ్మని ఉంటుంది. బావ వీరుడు వంగి నేల మీద ఏదో పెట్టాడు. లేచి, ఒక్కసారి చెయ్యి ఊపి, పొగలా కరిగిపోయాడు. నిదానం వీరుణ్ని మెల్లగా దగ్గరికి నడిపించాడు. చీకటి మెట్లు మొదలయ్యే చోట, పై మెట్టు అంచున, ఒక చిన్న లాంతరు వెలుగుతూ ఉంది.